లెక్కకు రాని కంచె

2011లో హైదరాబాద్ అటవీ విస్తీర్ణం 33.15 చదరపు కిలోమీటర్లు. 2021 నాటికి అది 81.81 చదరపు కిలోమీటర్లకు చేరిందని భారత అటవీ సర్వే సంస్థ ప్రకటించింది. దేశంలోని ఏడు పెద్ద నగరాల్లో ఇంత పెరుగుదల మరెక్కడా లేదు. ఆ పదేళ్లూ నగర శివార్లు ఎలా మారుతూ వచ్చాయో కళ్లారా చూసినవారికి ఈ అంకె మింగుడుపడదు. అలాగని అది దొంగ లెక్కేమీ కాదు. కిటుకంతా నిర్వచనంలో ఉంది.

ఉపగ్రహ చిత్రంలో ఒక హెక్టారుకు తగ్గని నేల మీద కనీసం పది శాతం మేర చెట్ల నీడ పరుచుకొని ఉంటే ఆ సంస్థ దాన్ని అటవీ విస్తీర్ణంగా పరిగణిస్తుంది. ఆ చెట్లు ఏమిటి, ఎవరివి అన్న ప్రశ్న లేదు. మామిడి తోటా అడవే, యూకలిప్టస్ తోటా అడవే. నీడ పది శాతానికి తగ్గితే మాత్రం అది 'పొద నేల' అవుతుంది, అడవి ఖాతాలోకి రాదు.

దక్కన్ పీఠభూమి సహజ స్వరూపమే ఆ పొద నేల. గ్రానైటు గుండ్లు, వాటి సందుల్లో తంగేడు, పరికి, అక్కడక్కడా మోదుగ, రేల, నడుమ గడ్డి. మనవాళ్లు దాన్ని కంచె అన్నారు, పశువులను మేపుకున్నారు. కాగితాల మీద అది బంజరు అయింది. హైదరాబాద్ పడమటి అంచున ఉన్న కంచ గచ్చిబౌలి పేరులోనే ఆ మాట ఉంది. అక్కడి 400 ఎకరాల్లో నేలను చదును చేసేందుకు 2025 మార్చి చివర యంత్రాలు దిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనేలోగా వంద ఎకరాల దాకా చదునైపోయింది. అది అడవా, కాదా అన్న వాదం ఇంకా సాగుతుండగానే నెమళ్లు, జింకలు చెదిరిపోయాయి. ఒక్క మాట మాత్రం చెప్పుకోవాలి: గుండ్ల నడుమ మట్టిలోకి ఇంకే వాన నీరే దిగువ కుంటలకూ చెరువులకూ ఆధారం. చదును చేసి వరుసగా మొక్కలు నాటినంత మాత్రాన ఆ పని జరగదు.

నీటిని ఇంకించడం కంచె పని అయితే, నగరంలో చెట్టు చేసే పని చల్లబరచడం. పగలంతా కాంక్రీటు, తారు వేడిని తాగి రాత్రి మెల్లగా వదులుతాయి. అందుకే ఊళ్లో కన్నా నగరంలో రాత్రి ఉక్క ఎక్కువ. చెట్టు ఆ ఎండను నేల మీద పడనివ్వదు. పైగా వేరు పీల్చిన నీటిని ఆకుల గుండా ఆవిరిగా వదులుతుంది. బడిలో చదువుకున్న బాష్పోత్సేకం ఇదే. ఒక లీటరు నీరు ఆవిరి కావాలంటే దాదాపు మూడింట రెండు వంతుల యూనిట్ కరెంటుకు సమానమైన వేడి ఖర్చవుతుంది. ఆ వేడి చుట్టుపక్కల నుంచే పోతుంది. అయితే నీరు అందకపోతే ఆకు తన పత్రరంధ్రాలను మూసుకుంటుంది, చల్లదనమూ ఆగిపోతుంది. మొదలు దాకా సిమెంటు పోసిన వేపచెట్టుకు మే నెలలో పట్టే గతి ఇదే. చెట్టు చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఢిల్లీ అధికారులను ఆదేశించింది. ఏ కాలిబాట మీదైనా సరే, టేపు పట్టి కొలిచి చూడండి.

మన విధానాలు మాత్రం మొక్కలను లెక్కపెడతాయి. 2015లో తెలంగాణలో మొదలైన మొక్కలు నాటే పథకం హరితహారం లక్ష్యం 230 కోట్ల మొక్కలు. 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టం బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించమంది, నాటినవాటిలో 85 శాతం బతకాలంది. మంచి మాటే. కానీ బతికితే చాలన్నప్పుడు త్వరగా పెరిగేదీ పశువు ముట్టనిదీ గెలుస్తుంది. కోనోకార్పస్ అనే విదేశీ చెట్టు అలాగే వీధివీధికీ వచ్చింది. పుప్పొడితో అలర్జీ అని, వేర్లు పైపుల్లోకి దూరుతున్నాయని ఫిర్యాదులు వచ్చాక 2022లో దాన్ని నాటవద్దన్నారు.

దీర్ఘ కరవు చూసిన మెల్‌బోర్న్ 2012లో వేరే లెక్క ఎంచుకుంది. 2040 నాటికి నగరంలోని బహిరంగ స్థలాల్లో నీడ 22 శాతం నుంచి 40కి పెరగాలి. మొత్తం చెట్లలో ఏ ఒక్క జాతీ ఐదు శాతం మించకూడదు. అంటే ఒక తెగులు వచ్చినా వీధి మొత్తం బోడి కాదు. నీడను లక్ష్యంగా పెట్టుకుంటే యాభై ఏళ్ల చింతచెట్టుకు పది మొక్కలు సమానమని ఏ ఇంజినీరూ రాయలేడు. మన దగ్గర నాటేది ఒక శాఖ, కరెంటు తీగల కోసం కొమ్మలు కొట్టేది ఇంకో శాఖ, కేబుల్ కోసం వేర్లు నరికేది మరొకరు. రోడ్డు వెడల్పు ఖరారయ్యాక మిగిలిన జాగా చెట్టుది.

నగరం నడిబొడ్డున ఉన్న కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు 1998 నుంచి జాతీయ ఉద్యానవనం. దాని చుట్టూ రక్షణగా ఉండాల్సిన పర్యావరణ సున్నిత మండలాన్ని 2020లో కేంద్రం ఖరారు చేసింది. ఎక్కువలో ఎక్కువ 29.8 మీటర్లు, తక్కువ ఉన్నచోట 3 మీటర్లు. రెండు కార్లను పక్కపక్కన నిలిపితే ఆ మూడు మీటర్ల వెడల్పు చాలదు.