ఫ్లాష్ సింక్ మోడ్‌లు ఎక్కడి నుంచి వచ్చాయి?

ఫ్లాష్ వేసి తీసిన ఫొటోలో ఒక అంచున నల్లటి పట్టీ పడితే చాలామంది ముందు ఫ్లాష్‌నే అనుమానిస్తారు. నిజానికి ఫ్లాష్ తన పని తాను చేసే ఉంటుంది. అది వెలిగిన క్షణానికి షట్టర్, అంటే వెలుగును లోపలికి వదిలే తలుపు, పూర్తిగా తెరుచుకుని లేకపోవడమే అసలు కారణం. నేటి కెమెరా మెనూలో కనిపించే సింక్ పేర్లన్నీ ఈ రెండింటి వేళ కుదర్చడానికి సాగిన ప్రయత్నాల ఫలితమే.

1887లో జర్మనీలో అడాల్ఫ్ మీథే, యొహానెస్ గెడికె మెగ్నీషియంతో మెరుపు పొడి తయారుచేసిన రోజుల్లో ఈ చిక్కు లేదు. లెన్స్ తెరిచి, పొడి అంటించి, మళ్లీ మూసేస్తే సరిపోయేది. 1930 ప్రాంతంలో ఫ్లాష్ బల్బులు రావడంతో లెక్క మారింది. బల్బులోని లోహపు రేకు అంటుకుని వెలుగు పతాక స్థాయికి చేరడానికి సుమారు 20 మిల్లీసెకన్లు పట్టేది కాబట్టి, ముందు బల్బుకు కరెంటు పంపి, షట్టర్‌ను ఆ మేరకు ఆలస్యంగా తెరవాల్సి వచ్చింది. పాత కెమెరాల మీద కనిపించే 'ఎం' గుర్తు ఈ ఆలస్యానిదే. 1930లలో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో హెరాల్డ్ ఎడ్జర్టన్ అభివృద్ధి చేసిన ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌కు అలాంటి ఆలస్యం అక్కర్లేదు. దాని గుర్తు 'ఎక్స్'. పాత కెమెరాలో మీటను 'ఎం' దగ్గర ఉంచి ఎలక్ట్రానిక్ ఫ్లాష్ వాడితే, షట్టర్ తెరుచుకునేలోపే వెలుగు వచ్చి పోతుంది.

లెన్స్‌లోనే ఉండే లీఫ్ షట్టర్ ఏ వేగంలోనైనా ఒకసారి పూర్తిగా తెరుచుకుంటుంది. ఫిల్ము ముందు రెండు తెరలతో పనిచేసే ఫోకల్ ప్లేన్ షట్టర్ అలా కాదు: వేగం పెరిగేకొద్దీ మొదటి తెర అవతలి అంచు చేరకముందే రెండో తెర బయలుదేరుతుంది, మధ్యలో కదిలే సన్నని చీలిక మాత్రమే మిగులుతుంది. క్షణికమైన ఫ్లాష్ ఆ చీలిక మేరకే పడుతుంది, మిగతాది నల్లగా ఉండిపోతుంది. అందుకే సింక్ వేగానికి ఒక పరిమితి ఏర్పడింది. అడ్డంగా కదిలే గుడ్డ తెరలున్న కెమెరాల్లో అది తరచు 1/60 సెకను దగ్గరే ఆగిపోయేది; నిలువుగా కదిలే లోహపు పలకలతో 1982లో వచ్చిన నికాన్ ఎఫ్ఎం2 దాన్ని 1/200కు చేర్చింది.

ఆ పరిమితిని దాటడానికి 1986లో ఒలింపస్ ఎఫ్280 ఫ్లాష్ ఒకే మెరుపుకు బదులు, చీలిక ఫ్రేమంతా దాటేవరకూ వేగంగా మినుకుమినుకుమనే వెలుగును ఇచ్చింది. ఎక్కువసేపు సమానంగా వెలిగే పాత ఎఫ్‌పీ బల్బుల ఉపాయమే ఇది. ఇందులో నష్టమూ ఉంది: వెలుగులో చాలా భాగం తెరల మీదే వృథా అవుతుంది కనుక, హై స్పీడ్ సింక్ అనే ఈ పద్ధతిలో ఫ్లాష్ వెలుగు అందే దూరం బాగా తగ్గుతుంది.

రియర్ కర్టెన్ సింక్ వేరే అవసరంతో వచ్చింది. రాత్రి వెళ్తున్న కారును ఒక సెకను ఎక్స్‌పోజర్‌తో తీస్తే, మామూలు పద్ధతిలో ఫ్లాష్ మొదట్లోనే వెలుగుతుంది. తర్వాత కదిలిన దీపాల గీతలు కారు ముందుకు సాగి, బండి వెనక్కి పోతున్నట్టు కనిపిస్తుంది. రియర్ కర్టెన్ సింక్‌లోలా షట్టర్ మూసుకునే ముందు ఫ్లాష్ వెలిగితే గీతలు కారు వెనకే ఉంటాయి. చిన్న మార్పే అయినా నా దృష్టిలో అన్ని మోడ్‌లలోకీ ఫొటో అర్థాన్ని ఎక్కువగా మార్చేది ఇదే.

2023లో సోనీ ప్రకటించిన ఏ9 త్రీ కెమెరాలో గ్లోబల్ షట్టర్, ఫిల్ము స్థానంలో ఉండే సెన్సర్ మొత్తాన్నీ ఒకేసారి చదువుతుంది. తెరలు లేవు కాబట్టి నల్ల పట్టీ కూడా లేదు, 1/80,000 సెకను దాకా ఫ్లాష్ వాడవచ్చు. అయితే అంత తక్కువ వ్యవధిలో ఫ్లాష్ వెలుగులో కొంత భాగమే అందుతుంది. ఆ భాగం సరిగ్గా పతాక స్థాయి దగ్గర పడాలంటే, బల్బుల కాలంలోలాగే షట్టర్ ఎప్పుడు తెరవాలో మళ్లీ లెక్క చూసుకోవాలి.