డిశ్చార్జర్ గొడవ వెనక ఉన్న 5.4 వోల్టులు

ఆర్‌సీ కార్లు, అంటే రిమోట్‌తో నడిచే చిన్న కార్లు, నడిపేవాళ్ల మధ్య ఇంట్లో చేసుకున్న డిశ్చార్జర్ (బ్యాటరీలోని చార్జ్‌ని దించే పరికరం) మీద గొడవ మళ్లీ రాజుకుంది. రెండు కారు బల్బులు, ఒక కనెక్టర్, మూరెడు వైరు ఉంటే అది తయారైపోతుంది. దాన్ని లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ప్యాక్‌కి తగిలించి మరిచిపోతే ప్యాక్ పాడవుతుంది, ఉబ్బుతుంది. ఉబ్బినదాన్నే మళ్లీ చార్జింగ్‌కి పెడితే అంటుకునే ప్రమాదం కూడా ఉంది. అందుకే ఇంటి తయారీ డిశ్చార్జర్లు అసలే వద్దని ఒక వర్గం అంటోంది. ఆ భయంలో అబద్ధమేమీ లేదు. కానీ తప్పు ఎక్కడ మొదలైందో తెలియాలంటే బల్బుని కాదు, అది ఎప్పుడు ఆరిపోవాలో నిర్ణయించే అంకెని చూడాలి.

ఆ అంకె 5.4.

నికెల్ సెల్స్ కాలంలో 1/10 స్కేల్ కారుకి (అసలు కారులో పదో వంతు సైజుది) ఆరు సెల్స్ ప్యాక్ ఉండేది. సెల్‌కి 1.2 చొప్పున 7.2 వోల్టులు. సెల్ 0.9కి దిగగానే డిశ్చార్జ్ ఆపడం అప్పటి అలవాటు. అంటే మొత్తం ప్యాక్‌కి 5.4. ఇంట్లో కటాఫ్ సర్క్యూట్ (నిర్ణీత వోల్టేజ్ దగ్గర లోడుని ఆపేసేది) చేసుకునేవాళ్లు ఈ లెక్కనే పట్టుకున్నారు. తరవాత లైపో వచ్చింది. పాత మోటార్లకీ స్పీడ్ కంట్రోలర్లకీ సరిపోయేలా కార్లలో రెండు సెల్స్ ప్యాక్ స్థిరపడింది. 3.7 చొప్పున 7.4 వోల్టులు. పాత 7.2కి ఇది పక్కింటి అంకె. కనెక్టర్ కూడా చాలా కార్లలో మారలేదు. దాంతో పాత డిశ్చార్జర్ కొత్త ప్యాక్‌కి ఏ అడ్డూ లేకుండా తగులుకుంది, ఎప్పటిలాగే 5.4 దగ్గర ఆగింది. ఈసారి ఆ 5.4ని పంచుకునేవి రెండే సెల్స్. ఒక్కోదానికి 2.7. లైపో సెల్‌ని 3.0 కిందకి దింపకూడదు.

నా దృష్టిలో ఈ కథ మొత్తానికి మలుపు ఇదే. 7.2కీ 7.4కీ మధ్య తేడా ఇంకాస్త ఎక్కువగా ఉండి ఉంటే, లేదా ప్లగ్గు ఆకారం మారి ఉంటే, ఎవరో ఒకరు ఆగి ఆలోచించేవారు.

రెండు సెల్స్ సమానంగా ఉంటేనే ఆ 2.7 లెక్క. ఒకటి బలహీనంగా ఉంటే, బలమైనది 3.1 దగ్గర నిలబడి ఉండగానే రెండోది 2.3కి పడిపోవచ్చు. మొత్తం వోల్టేజ్ చూసే సర్క్యూట్‌కి ఆ తేడా కనపడదు. కటాఫ్ లేని ఉత్త బల్బు అయితే అడుగంటా లాగేస్తుంది. మరీ లోతుకి దిగిన సెల్‌లో రాగి రేకు కరగడం మొదలవుతుంది. తిరిగి చార్జ్ చేసినప్పుడు ఆ రాగి లోపల పేరుకుని షార్ట్‌కి దారి తీయవచ్చు.

బాధ కలిగించే విషయం ఏమిటంటే, ఒక సెల్ ముందుగా ఖాళీ అవడం అనే సమస్యకి పాతవాళ్లు ఎప్పుడో పరిష్కారం కనుక్కున్నారు. నికెల్ ప్యాక్‌లోనూ బలహీనమైన సెల్ ముందు సున్నాకి చేరేది. మిగతా అయిదూ దానిలోంచి కరెంటు నెట్టి దాన్ని రివర్స్ చేసేవి, అంటే దాని ప్లస్, మైనస్‌లు తారుమారయ్యేవి. అందుకే రేసర్లు ప్యాక్ మొత్తానికి ఒకే లోడు పెట్టకుండా ఆరు గళ్ల ట్రే చేసుకున్నారు. ఒక్కో సెల్‌కి విడిగా ఒక రెసిస్టర్, దానికి వరసలో ఒక సిలికాన్ డయోడ్. డయోడ్ దగ్గరే 0.7 వోల్టుల వరకు పోతుంది కాబట్టి, సెల్ ఆ స్థాయికి దిగేసరికి కరెంటు దానంతటదే సన్నగిల్లిపోతుంది. స్విచ్ లేదు, చిప్ లేదు. ఇంత పొదుపైన ఆలోచన నేను ఈ హాబీలో మరొకటి చూడలేదు. సెల్స్‌ని వాళ్లే సోల్డర్ చేసుకునేవాళ్లు కాబట్టి ఏ సెల్ కొసనైనా వేలితో తాకగలిగేవాళ్లు. లైపో గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వచ్చింది. బయటికి కనిపించేవి రెండు లావు తీగలు, పక్కన ఒక్కో సెల్‌ని విడిగా చేరుకునే సన్నటి తీగల బ్యాలెన్స్ లీడ్. చాలామంది లావు తీగలనే చూశారు.

ఇంతకీ లైపోని ఎందుకు డిశ్చార్జ్ చేయాలి? మెమరీ ఎఫెక్ట్ (పూర్తిగా ఖాళీ చేయకుండా చార్జ్ చేస్తూ పోతే సామర్థ్యం తగ్గినట్టు కనపడటం) పేరుతో నికెల్‌ని ఖాళీ చేసే అలవాటుకి ఇక్కడ చోటే లేదు. అవసరం వేరే. నిండా చార్జ్ చేసిన ప్యాక్, వాన వల్లో మరో కారణం వల్లో వాడకుండా మిగిలిపోతే, దాన్ని సెల్‌కి 3.8 వోల్టుల దగ్గరికి దించి పెట్టాలి. నిండుగా వదిలేస్తే త్వరగా ముసలిదవుతుంది. 5000 ఎంఏహెచ్ ప్యాక్‌లో దాదాపు 37 వాట్-అవర్లు ఉంటాయి. అందులో సగం పైచిలుకు, అంటే 20 దాకా, తీసేయాలి. మామూలు చార్జర్లలో చాలావాటికి డిశ్చార్జ్ సామర్థ్యం 5 వాట్లే. నాలుగు గంటలు పడుతుంది. అలాంటి ప్యాక్‌లు మూడుంటే రాత్రంతా కాపలా కాయాలి. 12 వోల్టుల, 21 వాట్ల బల్బు 8 వోల్టుల మీద 11 వాట్ల దాకా లాగుతుంది. రెండు పెడితే పని గంటలో తెమిలిపోతుంది. సొంతంగా చేసుకునేవాళ్ల వాదన ఇక్కడే బలంగా ఉంది. ఎవరూ సరదాకి బల్బులు వెలిగించడం లేదు.

పైగా వాళ్లలో జాగ్రత్త గలవాళ్లు ఇప్పుడు చేస్తున్నది ఆ పాత ట్రే ఆలోచననే. బ్యాలెన్స్ లీడ్ నుంచి ఒక్కో సెల్ వోల్టేజ్ విడిగా చదివి, ఏ ఒక్కటి 3.8కి దిగినా రిలేతో (కరెంటుతో పనిచేసే స్విచ్‌తో) లోడు తెంచేస్తారు. వేడెక్కే బల్బుల్ని ప్యాక్‌కి దూరంగా, కాలని పళ్లెం మీద ఉంచుతారు. దగ్గరే కూర్చుంటారు. వోల్టేజ్ తగ్గితే మోగే చిన్న బజర్‌ని బ్యాలెన్స్ లీడ్‌కి గుచ్చి అదే కటాఫ్ అనుకునేవాళ్లు కూడా ఉన్నారు. అది మోగుతుంది గానీ ఆపదు. అలాగే వదిలేస్తే తన కరెంటు కూడా ఆ సెల్స్ నుంచే లాగుతూ ఉంటుంది.

నిషేధం కోరేవాళ్ల ప్రతిపాదనలో ఈ రెండు రకాల మధ్య తేడా కనపడటం లేదు. వాళ్లు అడుగుతున్నది డిశ్చార్జర్ ఎవరు చేశారని. అది సెల్‌కి సెల్ విడిగా చూసి ఆగుతుందా, ఎన్ని వోల్టుల దగ్గర ఆగుతుంది అనేది మాత్రం ఇంకా ఎవరూ అడగలేదు.