మెటల్ డాన్స్ ప్యాడ్: అపోహలు, వాస్తవాలు

"ప్యాడ్ పోయిందండీ, కొత్తది కొనేయమంటారా?" నన్ను అడిగేవాళ్లలో సగానికి పైగా ఈ మాటతోనే మొదలుపెడతారు. విప్పి చూస్తే లోపల పోయింది ఒక అణిగిపోయిన స్పాంజి ముక్కో, వదులైన స్క్రూనో, నల్లబడిన రేకో అయి ఉంటుంది. కొన్నిసార్లు ప్యాడ్‌లో ఏ లోపమూ ఉండదు. అలాంటివాటిని పారేయడం చూస్తే నాకు నిజంగా బాధ వేస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు రెండు ముక్కలు. 1998లో కొనామి సంస్థ ఆర్కేడ్లలోకి డాన్స్ డాన్స్ రెవల్యూషన్ అనే ఆట తెచ్చింది. తెర మీద వచ్చే బాణాన్ని బట్టి, పాటకు తగ్గట్టు, ప్యాడ్ మీది అదే బాణాన్ని కాలితో తొక్కాలి. అందులో నాలుగు బాణాలు. మరుసటి ఏడాది కొరియా సంస్థ ఆండామిరో పంప్ ఇట్ అప్ తెచ్చింది. అందులో నాలుగు మూలలూ ఒక మధ్య గడీ, మొత్తం ఐదు. ఇంట్లో ఆడేవాళ్లలో చాలామంది ఉచితంగా దొరికే స్టెప్‌మేనియా అనే కంప్యూటర్ ఆటలోనో, దాన్నుంచి పుట్టిన ఐటీజీమేనియాలోనో ఆడతారు. ఆట ఏదైనా ప్యాడ్ మాత్రం కాలితో నొక్కే కొన్ని పెద్ద స్విచ్చులు, వాటి సంగతి కంప్యూటరుకు చెప్పే ఒక చిన్న బోర్డు. అంతకు మించి అందులో మాయ ఏమీ లేదు.

అపోహ: మెటల్ ప్యాడ్ అన్నాక గట్టిగా తొక్కాల్సిందే.

నేను అన్నిటికన్నా ఎక్కువగా వినే మాట ఇదే. ఎక్కువ నష్టం చేసేదీ ఇదే, ముందు మోకాళ్లకు, తర్వాత ప్యాడ్‌కు. సరిగా అమర్చిన ప్యాడ్‌కు మామూలు నడకలో కాలు మోపినంత బరువు చాలు.

సాధారణ మెటల్ ప్యాడ్‌లో ఒక్కో ప్యానెల్ (కాలు మోపే బాణం పలక) కింద రెండు లోహపు పొరలు ఉంటాయి, సెన్సార్ అంటే అవే. అవి తగలకుండా అంచుల్లో పలుచని స్పాంజో రబ్బరో ఉంటుంది. కాలు పడగానే పై పొర వంగి కింది పొరను తాకుతుంది, సర్క్యూట్ పూర్తవుతుంది. అంటే మొత్తం వ్యవహారం ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు మీద నడుస్తోంది. ప్యానెల్‌కూ సెన్సార్‌కూ మధ్య ఖాళీ పెరిగినా, పొరల మీద చిలుము పట్టినా, నేల ఎగుడుదిగుడుగా ఉండి ప్యాడ్ కింద ఉండే రేకు మెలి తిరిగినా అడుగు పడదు, అంటే తొక్కినా ఆట లెక్కించదు. అప్పుడు మనం ఇంకా గట్టిగా తొక్కుతాం. ఆ దెబ్బలకు స్క్రూలు వదులై ఖాళీ ఇంకా పెరుగుతుంది.

సరిచేయడానికి నేను పాటించే వరుస ఇది. ఈ వరుస మార్చకండి.

మొదట, పడని ప్యానెల్ వైరును పడే ప్యానెల్ వైరుతో బోర్డు దగ్గర మార్చి పెట్టండి. లోపం వైరుతోపాటు రెండో బాణానికి మారిందంటే తప్పు సెన్సార్‌లోనో వైరులోనో ఉంది. లోపం మారకుండా పాత బాణం దగ్గరే ఉందంటే తప్పు బోర్డులోనో ఆట సెట్టింగుల్లోనో ఉంది. రెండు నిమిషాల పని ఇది. ఇది చేయకుండా సెన్సార్ మార్చేసి, కొత్తదీ పనిచేయడం లేదని నా దగ్గరకు వచ్చినవాళ్లు చాలామంది.

తర్వాత ప్యానెల్ విప్పి, మల్టీమీటర్‌ను బీప్ కొట్టే గుర్తు మీద పెట్టి, సెన్సార్ రెండు కొసలకూ ఆనించండి. వేలితో నొక్కితే బీప్ రావాలి, వదిలితే ఆగాలి. వచ్చీరానట్టు గరగరలాడితే పొరలు మురికిగా ఉన్నాయన్నమాట. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన మెత్తని గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, మళ్లీ చూడండి.

బీప్ శుభ్రంగా వస్తున్నా ఆటలో అడుగు పడకపోతే ఇక మిగిలింది ఖాళీయే. ప్యానెల్ సెన్సార్ మీద ఆనే చోట ఎలక్ట్రికల్ టేపు ముక్క ఒక పొర వేయండి. బిగించి ఆడి చూడండి. చాలకపోతే ఇంకో పొర. ఒక్కో పొర మిల్లీమీటరులో పదో వంతో, రెండు పదో వంతులో ఉంటుంది, అంత చిన్న తేడాకే ప్యాడ్ స్వభావం మారిపోతుంది. ఈ పనికే కొందరు నాణేలు దూరుస్తారు, ఆటగాళ్లలో దానికి పెన్నీ మాడ్ అని పేరు. నాకు అది నచ్చదు. నాణెం జారి వైరుకు తగిలితే దొంగ అడుగులు, అంటే తొక్కకుండానే పడే అడుగులు మొదలవుతాయి. టేపు ఎక్కడ అంటిస్తే అక్కడే ఉంటుంది.

పొర పూర్తిగా పాడైతే వంటింటి అల్యూమినియం రేకు వేసి సరిపెట్టేవాళ్లున్నారు. ఒక రాత్రి ఆటకు పనికొస్తుంది, అంతే. అల్యూమినియం మీద గాలికి ఏర్పడే ఆక్సైడ్ పొర కరెంటును అడ్డుకుంటుంది, పైగా మామూలు సోల్డర్ దానికి అతకదు. రాగి టేపు వాడండి. కానీ రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి వచ్చే చోట జిగురును నమ్మకండి. చాలా రాగి టేపుల జిగురు కరెంటును సరిగా పోనివ్వదు. అతుకు మీద ఒక చుక్క సోల్డర్ వేయాల్సిందే.

అపోహ: ఎడమ, కుడి కలిపి దూకితే ఒక్కటీ పడటం లేదు, అంటే సెన్సార్లు పోయాయి.

విడిగా తొక్కితే రెండూ పడుతున్నాయా? అయితే సెన్సార్లు బాగానే ఉన్నాయి. చేతితో ఆడే కంట్రోలర్‌లో ఎడమ, కుడి ఒకేసారి నొక్కే అవసరం రాదు. అందుకని కొన్ని ప్యాడ్లు, పాత ప్యాడ్లకు వాడే కొన్ని యూఎస్‌బీ అడాప్టర్లు ఆ రెండు బాణాలనూ ఒకే గీతకు రెండు కొసలుగా కంప్యూటరుకు పంపుతాయి. రెండూ కలిపి నొక్కితే ఒకదాన్ని ఒకటి కొట్టేసుకుని సున్నా మిగులుతుంది. పైన, కింద బాణాలకూ అంతే. స్టెప్‌మేనియా ఆప్షన్లలో టెస్ట్ ఇన్‌పుట్ అనే తెర ఉంది. అక్కడ బాణాలు బటన్లుగా కనిపిస్తున్నాయా, అక్షాలుగా (పైన చెప్పిన గీతలుగా) కనిపిస్తున్నాయా చూడండి. అక్షాలైతే బాణాలను విడివిడి బటన్లుగా పంపే అడాప్టరో బోర్డో వేయాలి. స్క్రూడ్రైవర్ ముట్టుకోనక్కర్లేదు.

అపోహ: ఎంత సున్నితంగా ఉంటే అంత మంచి ప్యాడ్.

కాలు పడటం సగం పనే. లేవడం మిగతా సగం. ఈ రెండో సగాన్ని అందరూ మర్చిపోతారు.

ఒక లెక్క చూడండి. 150 బీపీఎం పాటలో నిమిషానికి 150 బీట్లు, బీటుకు నాలుగు అడుగుల చొప్పున పరుగు వచ్చిందంటే సెకనుకు పది అడుగులు. ఒక్కో అడుగుకు దొరికేది 100 మిల్లీసెకన్లు. ఒకే బాణం అడుగు విడిచి అడుగు వస్తుంటే, ఆ 200 మిల్లీసెకన్లలోపే కాలు పడాలి, లేవాలి, ప్యానెల్ పూర్తిగా వదలాలి. మరీ సున్నితంగా పెట్టిన ప్యానెల్‌ను మీరు కాలు ఎత్తినా పాదం అంచు ఇంకా నొక్కుతూనే ఉంటుంది. ఆటకు అది ఒకటే పొడవాటి అడుగు, తర్వాతి అడుగు లెక్కలోకి రాదు. "నేను తొక్కాను, పడలేదు" అని వచ్చేవాళ్లలో కొందరి సమస్య అడుగు పడకపోవడం కాదు, ముందు అడుగు లేవకపోవడం. వాళ్లు ఇంకో పొర టేపు వేసి దాన్ని మరింత పెంచుకుంటారు.

టెస్ట్ ఇన్‌పుట్ తెర మీద ప్యానెల్ మీద తేలికగా నిలబడి, మెల్లగా బరువు తీయండి. బాణం వెంటనే ఆరిపోతే మంచిది. పాదం గాలిలోకి లేచాక ఆరితే సున్నితత్వం తగ్గించాలి. మిణుకు మిణుకుమంటే కాంటాక్టు గెంతుతోంది, ముందు శుభ్రం చేయండి.

అపోహ: డబ్ల్యూడీ-40 కొడితే సరి.

మామూలు డబ్ల్యూడీ-40 స్ప్రే ఆరాక నూనె జిడ్డు మిగులుస్తుంది. ఆ జిడ్డు దుమ్మును పట్టుకుంటుంది. తుప్పు పట్టిన స్క్రూ విప్పడానికి వాడండి, కాంటాక్టుల మీద వద్దు. గరుకు కాగితం కూడా ఆఖరి మార్గమే. పైపూత పోయిందంటే కింది లోహం ఇంకా త్వరగా నల్లబడుతుంది.

అపోహ: ఎఫ్‌ఎస్‌ఆర్ సెన్సార్లు వేయిస్తే అన్ని సమస్యలూ తీరతాయి.

ఎఫ్‌ఎస్‌ఆర్ అంటే ఒత్తిడిని బట్టి నిరోధం మారే పలుచని సెన్సార్. నొక్కనప్పుడు నిరోధం మెగా ఓముల్లో ఉంటుంది, నొక్కితే కిలో ఓముల్లోకి పడిపోతుంది. దానికి ఒక రెసిస్టర్ జతచేసి ఆర్డ్యుయినో లాంటి, మనమే ప్రోగ్రాం రాసుకునే చిన్న బోర్డుకు ఇస్తే ఒత్తిడి 0 నుంచి 1023 మధ్య ఒక సంఖ్యగా కనిపిస్తుంది. ఏ సంఖ్య దాటితే అడుగు పడినట్టో మీరే నిర్ణయిస్తారు. టేపు పొరల బదులు తెర మీద హద్దు మార్చుకోవచ్చు. నిజంగానే గొప్ప సౌకర్యం, నా సొంత ప్యాడ్‌లో అవే ఉన్నాయి.

అయితే వంకర రేకును ఎఫ్‌ఎస్‌ఆర్ చదును చేయదు. ప్యానెల్ బరువు సెన్సార్ మీద పడకుండా బ్రాకెట్ మీద ఆగిపోతుంటే ఏ సెన్సార్ వేసినా ఫలితం ఒకటే. ముందు ప్యానెల్ ఎటూ ఊగకుండా, స్క్రూలకు ఆనకుండా సమంగా కూర్చోవాలి. సెన్సార్ కింద గట్టి చదునైన ఆధారం, పైన చిన్న రబ్బరు ముక్క ఉండాలి. ఒత్తిడి నిలువుగా పడాలి, పక్కకు రుద్దుకుంటే లోపలి పొరలు త్వరగా అరుగుతాయి. సెన్సార్ తోక ప్లాస్టిక్ పొర మీద ఉంటుంది కాబట్టి సోల్డరింగ్ ఐరన్ ఎక్కువసేపు ఆనిస్తే కరిగిపోతుంది. కనెక్టర్ నొక్కి బిగించడం మేలు.

హద్దులు పెట్టేటప్పుడు రెండు ఉండాలి. అడుగు పడినట్టు లెక్కించేది కొంచెం పైన, లేచినట్టు లెక్కించేది కొంచెం కింద. ఒకటే హద్దయితే సంఖ్య దాని దగ్గర వణికినప్పుడల్లా ఒక్క అడుగు రెండుగా, మూడుగా పడుతుంది. ఏ రెండు సెన్సార్లూ ఒకేలా ఉండవు కాబట్టి ఒక్కో ప్యానెల్‌కు విడిగా చూసుకోండి.

బోర్డు సంగతి కూడా చెప్పాలి. ఆర్డ్యుయినోల్లో లియోనార్డో, ప్రో మైక్రో రకం బోర్డులు కంప్యూటరుకు నేరుగా గేమ్ కంట్రోలర్‌లా కనిపిస్తాయి. పాత ఊనో (ఆర్3 దాకా) నేరుగా అలా చేయలేదు. ఇక లోడ్ సెల్స్ (బరువు కొలిచే సెన్సార్లు) వేద్దామని తూకం యంత్రాల్లో వాడే హెచ్‌ఎక్స్711 బోర్డు తెచ్చేవాళ్లకు ఒక మాట. అది సెకనుకు 10 సార్లో, మహా అయితే 80 సార్లో చదువుతుంది. 80 అంటే రెండు చదువుల మధ్య 12.5 మిల్లీసెకన్లు. కూరగాయలు తూచడానికి చాలు, నాట్యానికి చాలదు.

అపోహ: అడుగులు ఆలస్యంగా పడుతున్నాయి, ప్యాడ్ నెమ్మది.

అడుగు ఎంత సరిగ్గా సమయానికి పడిందో ఆట తీర్పు చెబుతుంది. స్టెప్‌మేనియాలో మామూలుగా ఉండే జే4 అనే తీర్పు స్థాయిలో అన్నిటికన్నా పైమెట్టుకు అటూ ఇటూ 22.5 మిల్లీసెకన్లే గడువు. టీవీ బొమ్మకు మెరుగులు దిద్దడానికి ఒక్కోసారి 100 మిల్లీసెకన్ల దాకా తీసుకుంటుంది. ముందు టీవీని గేమ్ మోడ్‌లో పెట్టండి, బ్లూటూత్ స్పీకర్ తీసేయండి, తర్వాత ఆటలో గ్లోబల్ ఆఫ్‌సెట్ (పాటకూ అడుగులకూ మధ్య సమయాన్ని ముందుకో వెనక్కో జరిపే సెట్టింగు) సరిచేయండి. ఆలస్యం ఎప్పుడూ ఒకేలా ఉంటే ఆఫ్‌సెట్‌తో పోతుంది. ఒకసారి ముందు, ఒకసారి వెనక పడుతుంటే అప్పుడు ప్యాడ్‌ను అనుమానించండి. సెకనుకు 125 సార్లు కంప్యూటరుకు కబురు పంపే యూఎస్‌బీ బోర్డు అడుగుకు 8 మిల్లీసెకన్ల దాకా తేడా తేగలదు, 1000 సార్లు పంపేది ఒక్క మిల్లీసెకనే.

అపోహ: చెమట కాళ్లతో మెటల్ ప్యాడ్ ఎక్కితే షాక్ కొడుతుంది.

యూఎస్‌బీ ప్యాడ్‌లో ఉండేది 5 వోల్టులు. షాక్ కొట్టదు. చెమట వల్ల జరిగేది తుప్పు. ఆట అయ్యాక పొడిగుడ్డతో తుడవండి. ఒక ప్యానెల్ దానంతటదే పడుతుంటే మాత్రం వైరు పైపొర చిరిగి అడుగు రేకుకు తగులుతోందేమో చూడండి. దొంగ అడుగులకు నేను ఎక్కువగా చూసిన కారణం అదే.

అపోహ: ఎంత బరువుంటే అంత మంచి ప్యాడ్.

బరువు జారకుండా ఆపుతుంది, నిజమే. మందపాటి తివాచీ మీద వేస్తే మాత్రం ఎంత బరువైనదైనా మధ్యలో వంగుతుంది. కింద చదునైన ప్లైవుడ్ పలక, దాని కింద రబ్బరు చాప వేయండి. శబ్దమూ తగ్గుతుంది.

కొనేటప్పుడు నేను చూసేవి వేరు. ప్యానెల్ పైనుంచి స్క్రూలు విప్పితే ఊడి వస్తుందా, లేక అతికించేశారా? సెన్సార్ విడిగా దొరుకుతుందా? ప్యానెల్ ప్లాస్టిక్ పాలీకార్బొనేటా, యాక్రిలిక్కా? పాలీకార్బొనేట్‌కు గీతలు పడతాయి కానీ వంగి నిలుస్తుంది. యాక్రిలిక్ మెరుస్తుంది, మూలల్లో స్క్రూ రంధ్రాల దగ్గర పగులుతుంది. ప్యానెల్ అంచు చుట్టూ ఉన్న లోహంతో సమంగా ఉందా? ఎత్తుగా ఉంటే కాలు తట్టుకుంటుంది. కష్టమైన పాటలు ఆడాలనుకుంటే వెనక పట్టుకునే కడ్డీ ఉన్నదే తీసుకోండి. నాలుగు బాణాలా, ఐదా అన్నది మీరు ఆడే ఆటను బట్టి ముందే తేల్చుకోండి. ఒకదాని ప్యాడ్ మీద రెండోది హాయిగా ఆడలేరు.

వాడినది కొంటున్నారా? లాప్‌టాప్ పట్టుకెళ్లండి. ఒక్కో ప్యానెల్‌ను నాలుగు మూలల్లోనూ మధ్యలోనూ బొటనవేలితో నొక్కి టెస్ట్ ఇన్‌పుట్ తెర మీద చూడండి. రెండు మూడు చోట్ల పడకపోతే భయపడకండి, అది టేపు, ఆల్కహాల్‌తో పోయే జబ్బు. తర్వాత ప్యాడ్‌ను నిలబెట్టి అడుగు రేకు మీద ఒక పొడవాటి స్కేలు ఆనించి చూడండి. స్కేలు కింద వెలుతురు కనబడేంతగా రేకు వంగి ఉంటే వదిలేయండి. అలా వంగిన అడుగును పూర్తిగా చదును చేయడం ఇంతవరకూ నా వల్ల కాలేదు.