బన్నీ షా అంత దూరం ఎలా వెళ్లింది? పిల్లలకు ఒక ఉత్తరం

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. జమైకా పేరు వినగానే మీకు ఉసేన్ బోల్ట్ పరుగో, క్రిస్ గేల్ సిక్సరో గుర్తొస్తుంది. అదే దేశంలో పుట్టి ఇంగ్లాండ్‌లో పేరు తెచ్చుకున్న ఒక ఫుట్‌బాల్ క్రీడాకారిణి గురించి ఇవాళ మీకు రాస్తున్నాను. ఆమె పేరు ఖదీజా షా. చిన్నప్పుడు క్యారెట్లు తెగ తింటోందని అన్నయ్య 'బన్నీ' అని పిలిచాడట. ఆ ముద్దుపేరే నిలిచిపోయింది. ఇప్పుడు కామెంటేటర్లు కూడా బన్నీ షా అనే అంటారు.

విదేశీ క్లబ్బుల్లో ఆడేవాళ్లను చూస్తే మీకు గోల్సూ కప్పులూ కనిపిస్తాయి. ఒక చిన్న దీవిలోని అమ్మాయి అంత దూరం ఎలా వెళ్లింది, ఎవరు పిలిచారు, ఖర్చు ఎవరు పెట్టుకున్నారు అన్నవి టీవీలో కనిపించవు. ఈ ఉత్తరం వాటి గురించే.

షా 1997 జనవరిలో స్పానిష్ టౌన్‌లో పుట్టింది. కింగ్‌స్టన్ కంటే ముందు జమైకాకు రాజధాని ఆ ఊరే. చరిత్ర ఉన్న ఊరే గానీ, ముఠాల గొడవలతో, తుపాకీ కాల్పులతో ఎన్నో కుటుంబాలు చితికిపోయిన ఊరు కూడా. షా కుటుంబం వాటిలో ఒకటి. సొంత తోబుట్టువులను ఆమె ఆ కాల్పుల్లో పోగొట్టుకుంది. ఈ సంగతి మీకు చెప్పాలా వద్దా అని ఆలోచించాను. చెప్పకపోతే ఆమె చదువు కోసం ఇల్లు వదిలి వెళ్లడం ఎంత పెద్ద విషయమో మీకు అర్థం కాదు.

ఆమె పెరిగే రోజుల్లో జమైకాలో అమ్మాయిలు ఫుట్‌బాల్ ఆడి ఆ జీతంతో బతకగలిగే లీగ్ లేదు. అలాంటి చోట ప్రతిభ ఉన్న ఆడపిల్లకు కనిపించే దారి అమెరికా కాలేజీలు. అక్కడి కాలేజీలు బాగా ఆడే విద్యార్థులకు స్కాలర్‌షిప్ ఇచ్చి చదువు ఖర్చు భరిస్తాయి. విద్యార్థి కాలేజీ జట్టుకు ఆడాలి, పరీక్షలూ పాసవ్వాలి. మార్కులు తగ్గితే మైదానంలోకి రానివ్వరు. షా మొదట ఫ్లోరిడాలో ఒక రెండేళ్ల కాలేజీలో చేరింది. తర్వాత టెనెసీ యూనివర్సిటీకి మారి 2017, 2018 సీజన్లు ఆడింది. 2018లో ఆ ప్రాంతపు యూనివర్సిటీల లీగ్‌లో ఉత్తమ ఎటాకింగ్ ప్లేయర్‌గా ఎంపికైంది. అదే ఏడాది ఇంగ్లాండ్‌లోని గార్డియన్ పత్రిక తన 'ఫుట్‌బాలర్ ఆఫ్ ది ఇయర్' గౌరవాన్ని ఆమెకిచ్చింది. అప్పటికి ఆమె ఇంకా కాలేజీ విద్యార్థినే.

ఇక్కడ కాస్త ఆగి ఆమె దేశపు జట్టు సంగతి చెప్పాలి. జమైకా మహిళల జట్టును 'రెగ్గే గర్ల్స్' అంటారు. డబ్బు లేదంటూ ఫుట్‌బాల్ సమాఖ్య ఆ జట్టును కొన్నేళ్లపాటు మూలన పడేసింది. మ్యాచులు ఆడకపోవడంతో ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా ఇచ్చే ర్యాంకింగ్స్‌లో పేరు కూడా లేకుండా పోయింది. 2014లో జమైకా రెగ్గే గాయకుడు బాబ్ మార్లే కూతురు సెడెల్లా మార్లే కొడుకు స్కూలు నుంచి ఒక కరపత్రం తెచ్చాడు. మహిళల జట్టుకు విరాళాలు ఇవ్వమని అందులో ఉంది. దేశానికి ఆడే జట్టు స్కూలు పిల్లల చేత కాగితాలు పంచుకుని చందాలు అడగాల్సి వచ్చిందన్నమాట! సెడెల్లా పూనుకుని డబ్బు సమకూర్చడంతో జట్టు మళ్లీ నిలబడింది. 2015లో షా సీనియర్ జట్టులోకి వచ్చింది. ఒలింపిక్స్‌కు అర్హత దొరకకపోయేసరికి 2016లో జట్టును మళ్లీ ఆపేశారు. సెడెల్లా మళ్లీ ముందుకొచ్చింది. హ్యూ మెంజీస్ అనే కోచ్ జీతం తీసుకోకుండా పనిచేశాడు. అలా అతుకులు వేసుకుంటూ నడిచిన ఆ జట్టే 2018 అక్టోబరులో పనామాను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి ప్రపంచ కప్‌కు చేరింది. మహిళల ప్రపంచ కప్‌కు అర్హత సాధించిన మొట్టమొదటి కరీబియన్ జట్టు అదే.

ఇలాంటి కథలు చెప్పేటప్పుడు పెద్దవాళ్లు 'కష్టాలు పడ్డారు కాబట్టే గొప్పవాళ్లయ్యారు' అంటారు. నేను ఆ మాట ఒప్పుకోను. జట్టు మూతపడిన ఆ ఏళ్లలో ఎందరో అమ్మాయిలు ఆట మానేసి ఉంటారు. వాళ్ల పేర్లు మనకు తెలియవు. షా గొప్పదనం షాదే. సమాఖ్య నిర్లక్ష్యానికి అందులో వాటా లేదు.

2019 ప్రపంచ కప్‌లో జమైకా మూడు మ్యాచులూ ఓడింది. అయినా అంత పెద్ద వేదిక మీద ఆడితే క్లబ్బుల కళ్లు పడతాయి. ఆ వేసవిలోనే ఫ్రాన్స్‌లోని బోర్డో క్లబ్ ఆమెతో ఒప్పందం చేసుకుంది. జీతం క్లబ్ ఇస్తుంది. ఏడాదిలో కొన్ని తేదీలు మాత్రం అంతర్జాతీయ మ్యాచుల కోసం ఫిఫా కేటాయిస్తుంది. ఆ రోజుల్లో దేశం పిలిస్తే క్లబ్ పంపి తీరాలి. కరీబియన్ ఆటగాళ్లకు ఇది తేలిక కాదు. వారాంతంలో యూరప్‌లో మ్యాచ్ ఆడి, అట్లాంటిక్ దాటి వెళ్లి దేశానికి ఆడి, తిరిగొచ్చి మళ్లీ క్లబ్‌కు ఆడాలి. అలా ఆడుతూనే షా 2020-21 సీజన్‌లో 22 గోల్స్‌తో ఫ్రెంచ్ లీగ్ టాప్ స్కోరర్ అయింది.

2021లో ఇంగ్లాండ్‌లోని మాంచెస్టర్ సిటీ క్లబ్‌కు వెళ్లింది. బయటి దేశాల వాళ్లు ఇంగ్లాండ్‌లో ఆడాలంటే వర్క్ పర్మిట్ కావాలి. దానికి దేశం తరఫున ఎన్ని మ్యాచులు ఆడారు, ఏ స్థాయి లీగ్ నుంచి వస్తున్నారు అని పాయింట్లు లెక్క కడతారు. అంటే దేశపు జట్టు మూతపడి ఉంటే ఆటగాళ్లకు బయటి దారి కూడా ఇరుకైపోతుంది. 2024లో షా ఆ క్లబ్ మహిళల జట్టు చరిత్రలోనే అత్యధిక గోల్స్ చేసిన క్రీడాకారిణి అయింది. 2023-24 లీగ్‌లో 18 మ్యాచులాడి 21 గోల్స్ కొట్టి, అందరికంటే ఎక్కువ గోల్స్ చేసినవాళ్లకిచ్చే గోల్డెన్ బూట్ గెలిచింది. తోటి ఆటగాళ్లు ఓట్లేసే అవార్డు, క్రీడా విలేకరులు ఇచ్చే అవార్డు రెండూ ఆమెకే వచ్చాయి. కానీ సీజన్ చివర్లో పాదానికి దెబ్బ తగిలింది. ఆమె లేకుండా సిటీ తన మైదానంలోనే ఆర్సెనల్ క్లబ్ చేతిలో 1-2తో ఓడింది. టైటిల్ కోసం పోటీపడుతున్న చెల్సీ క్లబ్‌కూ సిటీకీ సమానంగా 55 పాయింట్లు వచ్చాయి. కొట్టిన గోల్స్‌లోంచి ఇచ్చిన గోల్స్ తీసేస్తే చెల్సీదే పైచేయి కావడంతో టైటిల్ వాళ్లకు పోయింది.

నాకు మాత్రం అన్నిటికంటే ఇష్టమైనది 2023 ప్రపంచ కప్. టోర్నీకి ముందు షా, ఆమె సహచరులు కలిసి సమాఖ్యకు బహిరంగ లేఖ రాశారు. ప్రయాణ ఏర్పాట్లు, వసతి, తిండి, శిక్షణ, రావాల్సిన డబ్బు, ఏదీ సరిగా లేదని పేరు పెట్టి చెప్పారు. జట్టులోని ఒక క్రీడాకారిణి తల్లి ఆన్‌లైన్‌లో విరాళాలు పోగుచేసింది. అలా వెళ్లిన జట్టు మొదటి మ్యాచ్‌లోనే ఫ్రాన్స్‌ను 0-0తో ఆపేసింది. ఆట ముగియబోతుండగా షాకు రెండో ఎల్లో కార్డు పడి బయటకు వెళ్లాల్సి వచ్చింది. తర్వాతి మ్యాచ్ ఆడే వీల్లేదు. అందరికీ టెన్షన్. అయినా ఎల్లిసన్ స్వాబీ హెడర్‌తో పనామా మీద 1-0తో గెలిచారు. చివరికి బ్రెజిల్‌తోనూ 0-0. అది మార్తా అనే మహా క్రీడాకారిణికి చివరి ప్రపంచ కప్. ఆ ఫలితంతో బ్రెజిల్ ఇంటిముఖం పట్టింది, జమైకా నాకౌట్‌కు వెళ్లింది. గ్రూపు దశ మొత్తంలో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. కొలంబియా చేతిలో 0-1తో ఓడాకే ఆగారు.

ఆమె ఆట చూసేటప్పుడు బంతి వెంట మాత్రమే పోకండి. షా దాదాపు ఆరడుగుల మనిషి. గోల్‌కు వీపు పెట్టి నిలబడి, వెనక నుంచి డిఫెండర్ తోస్తున్నా బంతిని పాదం కింద పట్టి ఉంచి, పక్కవాళ్లు పరుగెత్తుకొచ్చేదాకా కాచుకుంటుంది. పాస్ ఇచ్చేసి తిన్నగా గోల్ ముందుకు చేరుకుంటుంది. మైదానం పక్క నుంచి గోల్ ముందుకు క్రాస్ వచ్చేసరికి తల అక్కడ సిద్ధంగా ఉంటుంది.

ఇంకొక సంగతి. 2025 ఫిబ్రవరిలో ఒక మ్యాచ్ తర్వాత సోషల్ మీడియాలో కొందరు ఆమెను జాతి పేరుతో, ఆడదనీ నీచంగా దూషించారు. ఆమె తర్వాతి మ్యాచ్‌కు దూరంగా ఉంది. మీ చేతుల్లోనూ ఫోన్లుంటాయి కనుక చెబుతున్నాను. అటువైపు చదివేది మనిషే.

మన దగ్గరా ఈ దారిలో నడిచినవాళ్లున్నారు. నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్‌కు వెళ్లింది. ఆమె గురించి మరో ఉత్తరంలో రాస్తాను. ఈలోగా మీ స్కూల్లో ఆడపిల్లలకు ఫుట్‌బాల్ జట్టు ఉందో లేదో నాకు రాయండి. లేకపోతే ఎందుకు లేదో పీఈటీ సారును అడిగి, ఆయన ఏమన్నారో అది కూడా రాయండి.

మీ పెద్దమ్మ