"మావాడికి మెంటల్ స్ట్రెంత్ తక్కువండీ": ఆడే పిల్లల గురించి అపోహలు - వాస్తవాలు

స్కూలు, కాలేజీ టీముల్లో ఆడే పిల్లలతో స్పోర్ట్స్ సైకాలజిస్టుగా పనిచేస్తుంటాను. పైన పెట్టిన మాట అమ్మానాన్నల దగ్గరా, కోచ్‌ల దగ్గరా వింటూనే ఉంటాను.

అపోహ: మనోబలం పుట్టుకతో రావాలి.
వాస్తవం: స్వభావంలో కొంత పుట్టుకతో వచ్చేది ఉంటుంది, కాదనను. ఒత్తిడిలో ఏం చేయాలన్నది మాత్రం సాధనతో వచ్చేదే. పీవీ సింధు ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో 2017లో జపాన్‌కి చెందిన ఒకుహారా చేతిలో మూడో గేమ్ 20-22తో ఓడింది, 2018లో స్పెయిన్‌కి చెందిన మారిన్ చేతిలో ఓడింది, ఇంకేముంది, ఫైనలంటే భయమని జనం తేల్చేశారు. 2019లో బాసెల్‌లో జరిగిన ఫైనల్లో అదే ఒకుహారా మీద 21-7, 21-7తో గెలిచింది. పుట్టుకతో లేనిది రెండేళ్లలో ఎక్కడినుంచి వచ్చిందంటారు?

అపోహ: టెన్షన్ పడేవాళ్లు ఆటకు పనికిరారు.
వాస్తవం: గుండె దడ, చేతులకు చెమట, మ్యాచ్‌కి ముందు మాటిమాటికీ బాత్రూమ్‌కి పరుగు, ఇవన్నీ ఒళ్లు ఆటకి సిద్ధమవుతోందన్న సూచనలే. అసలు దెబ్బ ఎక్కడంటే, వేలసార్లు కొట్టి చేతికి అలవాటైపోయిన షాట్‌ని సరిగ్గా కీలకమైన పాయింట్ దగ్గర, మోచెయ్యి ఎక్కడుంది, మణికట్టు ఎలా తిరగాలి అని ముక్కలుముక్కలుగా ఆలోచించడం మొదలుపెడతారు, దాంతో చెయ్యి బిగుసుకుపోతుంది. (గ్యాలరీలోంచి "మోచెయ్యి పైకెత్తు!" అని అరిచే నాన్నగారూ, ఇది మీకే.) అందుకే ప్రతి సర్వీస్‌కి ముందు ఒకే వరసలో చేసే చిన్న రొటీన్ నేర్పిస్తాం: ఊపిరి నెమ్మదిగా వదలడం, షటిల్ ఎక్కడ పడాలో ఒక్క చోటు చూసుకోవడం, కొట్టడం. దీన్ని ప్రాక్టీసులోనే, స్కోరు 19-19, గేమ్ చివరికొచ్చేసింది అనుకుని ఆడిస్తూ అలవాటు చేయాలి. మ్యాచ్ రోజు పొద్దున చెబితే పనిచేయదు.

అపోహ: తిడితే రాటుదేలతారు.
వాస్తవం: దాచడం నేర్చుకుంటారు. మోకాలి నొప్పితో సహా.

అపోహ: గట్టివాళ్లు నోరెత్తరు.
వాస్తవం: 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్లో చైనా అమ్మాయి తుపాకీ పేలకముందే కదిలితే, మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీకి కూడా రెడ్ కార్డు (రేసు నుంచి తప్పుకోమని) చూపించారు. ఆమె అక్కడే నిలబడి వాదించింది, చివరికి పరుగెత్తనిచ్చారు, మూడో స్థానంలో వచ్చింది, తర్వాత చైనా అమ్మాయిపై వేటు పడి రజతం దక్కింది. వాదించడమూ, అంత గొడవయ్యాక మళ్లీ పరుగు మొదలుపెట్టే బ్లాకుల దగ్గరికి వెళ్లి రేసు మీద మనసు పెట్టడమూ, రెండూ మనోబలమే.

ఇంకొకటి. "ఏకాగ్రత లేదు" అని నా దగ్గరికి తీసుకొచ్చే ఇంటర్ పిల్లల్లో చాలామందికి ముందు కావలసింది నిద్ర. ఆ వయసుకి 8 నుంచి 10 గంటలు పడుకోవాలి. రాత్రి 11 దాకా స్టడీ అవర్, తెల్లారి 5కి గ్రౌండ్ అంటే ఎంతయిందో మీరే లెక్కేయండి. అందుకే ముందు ఒక వారం నిద్ర లెక్క రాసి తెమ్మంటాను, మిగతావి ఆ తర్వాతే.