తలా ఇంత అంటే న్యాయమేనా?

పిల్లలూ,

"భూమి వేడెక్కకుండా అన్ని దేశాలూ తలా 10 శాతం పొగ తగ్గించుకుంటే గొడవే ఉండదు కదా తాతా" అని అడిగారు. ఫోన్‌లో చెప్తే తెగేది కాదని రాస్తున్నా.

మన దేవరకొండ వైపు చూడండి. ఒకాయన ఎప్పుడో పది బోర్లు వేసి బత్తాయి తోట పెంచాడు. పక్క రైతుకు మొన్నమొన్ననే ఒక్క బోరు పడింది. నీళ్లు అడుగంటాక ఊరంతా కూర్చుని "అందరూ మోటర్లు సగం సేపే నడపాలె" అంటే? ఆయన తోట ఎట్లనో బతుకుతది. ఈయన మడి ఎండుతది. అసలు నీళ్లు అడుగంటింది ఎవరి వల్ల?

దేశాల పంచాయితీ కూడా అచ్చం ఇదే. బొగ్గు, పెట్రోలు కాలిస్తే వచ్చే కార్బన్ డయాక్సైడ్ భూమిని వేడెక్కిస్తుంది, అందులో కొంత భాగం వందల ఏళ్లు గాలిలోనే ఉంటుంది. అందుకే పాత బాకీ మాఫీ కాదు. ఇప్పటిదాకా వదిలినదాంట్లో దాదాపు పావు వంతు ఒక్క అమెరికాదే. మనది 4 శాతం లోపే. ఏటా వదిలే మొత్తంలో మాత్రం చైనా, అమెరికాల తర్వాత మనమే. మనిషి లెక్కన తీస్తే ఏడాదికి అమెరికాలో సుమారు 14 టన్నులు, మన దగ్గర 2. ఏ లెక్క లాభమైతే ఆ లెక్కే పట్టుకొస్తారు ఎవరైనా, మనవాళ్లతో సహా.

బాధ్యత అందరిదే గానీ సమానం కాదని 1992లోనే దేశాలన్నీ వాతావరణ ఒప్పందంలో రాసుకున్నాయి. 1997లో జపాన్‌లోని క్యోటోలో కుదిరిన ఒప్పందంలో ధనిక దేశాలకే లక్ష్యాలు పెట్టారు: 1990 నాటికంటే సగటున 5 శాతం తక్కువ. అమెరికా సంతకం పెట్టి కూడా ఆమోదించలేదు, కెనడా మధ్యలో తప్పుకుంది. 2015లో పారిస్‌లో ఎవరి వాటా వారే చెప్పుకోమన్నారు. మాట తప్పితే జరిమానా లేదు. పేద దేశాలకు ధనిక దేశాలు 2020కల్లా ఏటా 10 వేల కోట్ల డాలర్లు సర్దుతామన్న మాట 2022కి గానీ తీరలేదు. అప్పటికీ అందులో చాలా వరకు అప్పే.

అట్లని మనం చేతులు దులుపుకునేది లేదు. దామరచర్లలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ ప్లాంటు కట్టారు కదా, దాని పొగ దేశం ఖాతాలో పడుతుంది, అందరి తలలకూ పంచుతారు. కానీ కరెంటు అందరూ ఒక్క తీరుగా వాడరు. హైదరాబాద్‌లో మూడు ఏసీల ఇల్లు, డిండి దగ్గర తండాలో ఒక ఫ్యాను, రెండు బల్బుల ఇల్లు: ఆ 2 టన్నుల సగటులో రెండూ కలిసిపోతాయి. తండావాళ్ల పేరు చెప్పి ఏసీవాళ్లు తప్పించుకోవడం నాకు నచ్చదు. అమెరికాను అడిగే ప్రశ్న మనల్ని మనమూ అడుక్కోవాలి.

ఎండాకాలం సెలవులకు వచ్చేటప్పుడు మీ ఇంటి కరెంటు బిల్లు తీసుకురండి. మా బిల్లు పక్కన పెడదాం. తలకు ఎన్ని యూనిట్లో మీరే లెక్క తీయండి.

మీ తాత