మాయాబజార్ పేరుకు తగ్గ సినిమాయేనా? ఒక ఎడిటర్ చూసిన అపోహలు - వాస్తవాలు

నా దగ్గర ఎడిటింగ్ నేర్చుకుంటున్న కుర్రాడు మొన్న అడిగాడు. "సార్, మాయాబజార్ నిజంగానే అంత గొప్ప సినిమానా? లేక చిన్నప్పటి నుంచి అందరూ అంటుంటే మనమూ అనేస్తున్నామా?" అడగాల్సిన ప్రశ్నే. ఆ సినిమా గురించి వాట్సాప్‌లో తిరిగే మాటల్లో సగం నిజం కాదు. మిగతా సగం నిజమే అయినా అసలు సంగతి వాటిలో ఉండదు. ఫిల్మ్‌ను చేత్తో కోసి అతికించే రోజుల్లో ఈ పనిలోకి వచ్చినవాణ్ణి. ఈ సినిమాను టేబుల్ మీద ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ చూసి నేర్చుకున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: దేశంలోకెల్లా గొప్ప సినిమా అని నిపుణులు తేల్చారు.

2013లో భారతీయ సినిమా వందేళ్ళ సందర్భంగా సీఎన్ఎన్-ఐబీఎన్ న్యూస్ ఛానల్ ఆన్‌లైన్‌లో ఓటింగ్ పెట్టింది. అందులో మాయాబజార్ మొదటి స్థానంలో నిలిచింది. ఓట్లు వేసింది ప్రేక్షకులు. మనవాళ్ళు ప్రేమతో వేశారు, సంతోషం. కానీ అది అభిమానానికి లెక్క, పనితనానికి తూకం కాదు. ఈ సినిమా గొప్పదని చెప్పడానికి ఆ ఓట్లు అవసరం లేదు.

అపోహ: ఇది మహాభారతంలోని కథ.

వ్యాసభారతంలో బలరాముడి కూతురు శశిరేఖ లేదు. అక్కడ అభిమన్యుడు పెళ్ళాడింది ఉత్తరను. శశిరేఖా పరిణయం జనం నోట పుట్టి నాటకాల్లో పెరిగిన కథ. సురభి వాళ్ళ మాయాబజార్ చూడనివాళ్ళకు కూడా దాని పేరు తెలుసు. సినిమాగా చూసినా, తెలుగులో ఇది 1936లోనే వచ్చింది. అంటే 1957 మార్చి 27న విజయా వారి సినిమా విడుదలయ్యేనాటికి హాల్లో కూర్చున్న చాలామందికి కథ ముందే తెలుసు. ఏమవుతుందో తెలిసిన కథతో 184 నిమిషాలు కూర్చోబెట్టారు. నా దృష్టిలో మొదటి గొప్పతనం అదే.

ఇంకో సంగతి చూడండి. ఈ సినిమాలో పాండవులు ఒక్క షాట్‌లో కూడా కనిపించరు. వాళ్ళు జూదంలో ఓడిపోయిన సంగతి మనకు కబురుగానే అందుతుంది. కథకు మూలకారణమైనవాళ్ళనే తెర మీదికి రానివ్వకూడదంటే ఎంత ధైర్యం కావాలి! ధర్మరాజు ఒక్కసారి వచ్చి బాధపడితే చాలు, సినిమా బరువెక్కిపోయేది, పెళ్ళిసందడి పోయేది. అలా రాకుండా చూసుకున్నది పింగళి నాగేంద్రరావు గారి రాత, దర్శకుడు కె.వి.రెడ్డి గారి స్క్రీన్‌ప్లే. రిహార్సల్స్‌లోనే స్టాప్‌వాచ్ పట్టుకుని ప్రతి సీనుకూ నిడివి లెక్క కట్టేవారని కె.వి.రెడ్డి గారి దగ్గర పనిచేసినవాళ్ళు చెప్పేవారు. అక్కర్లేనిది తీయకపోతే ఎడిటర్ కొయ్యాల్సిన పనీ ఉండదు.

అపోహ: లాహిరి లాహిరి పాటను నిజమైన వెన్నెల్లో తీశారు.

దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. పున్నమి వెన్నెల ఎండలో సుమారు 4 లక్షలవ వంతు ఉంటుంది. ఆనాటి ఫిల్మ్ మీద ఆ వెలుతురుకు బొమ్మ పడదు, చీకటే పడుతుంది. మనం చూసే వెన్నెలను కెమెరామన్ మార్కస్ బార్‌ట్లే తయారుచేశారు. బయట నీళ్ళ మీద తీసిన షాట్లున్నాయి, స్టూడియో ఫ్లోర్‌లో లైట్లు పెట్టి తీసిన క్లోజప్‌లున్నాయి. రెండూ ఒకే రాత్రిలాగా కలిశాయి.

ఈసారి ఆ పాట చూసేటప్పుడు చంద్రుణ్ణి వదిలేసి వాళ్ళ జుట్టు అంచులు చూడండి. వెనక నుంచి పడే వెలుగు సావిత్రి తల చుట్టూ సన్నని గీతలా ఉంటుంది. ముఖం మీద వెలుగు మెత్తగా ఉంటుంది, కానీ కళ్ళు చీకట్లో మునిగిపోవు. నీళ్ళ మీద తళుకు వెనకాల కదులుతూనే ఉంటుంది. వెన్నెల అనే భావన ఆ మూడింటి వల్లే వస్తోంది. ఎడిటర్‌కు ఇక్కడ ఉండే ప్రమాదం ఏమిటంటే, బయటి షాట్ నుంచి ఫ్లోర్ షాట్‌కు వెళ్ళేటప్పుడు వెలుగు ఒక పిసరు మారినా కంటికి తగులుతుంది. ఈ పాటలో అలా తగలదు. ఘంటసాల, లీల గొంతులు కట్‌ను మోసుకుపోతాయి. అభిమన్యుడు-శశిరేఖ, కృష్ణుడు-రుక్మిణి, బలరాముడు-రేవతి, ఇలా మూడు జంటలు ఒకే పాటలోకి వచ్చి చేరినా ఎక్కడా గందరగోళం ఉండదు.

వెన్నెల్లో తీశారని చెబితే బార్‌ట్లే పడిన కష్టాన్ని చంద్రుడికి కట్టబెట్టినట్టే. నాకు బాధ కలిగించేది అదే.

అపోహ: ల్యాప్‌టాప్‌నీ, వీడియో కాల్‌నీ అప్పుడే ఊహించారు.

ప్రియదర్శిని పేటిక ఫోటో పెట్టి ఏటా ఎవరో ఒకరు పంపుతూనే ఉంటారు. కానీ అందులో మనం అడిగిన మనిషి కనిపించడు. తెరిచినవాళ్ళ మనసుకు ఎవరు ప్రియమో వాళ్ళు కనిపిస్తారు. శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు, కృష్ణుడికేమో శకుని కనిపిస్తాడు! నోరు విప్పకుండానే పాత్ర గుట్టు బయటపడుతుంది. ఏ వీడియో కాల్ ఆ పని చేస్తుంది? ఎక్కినవాళ్ళ చేత నిజం పలికించే సత్యపీఠం కూడా అంతే. దాన్ని ముందే చూపించి, మనం మరిచిపోయాక చివర్లో శకునిని దాని మీద నిలబెట్టి నిజం కక్కించారు. ఇది కథ కట్టడంలో నేర్పు, భవిష్యవాణి కాదు.

అపోహ: సంగీతమంతా ఘంటసాలదే.

తెర మీద పేరు ఆయనదే. కానీ లాహిరి లాహిరి, నీ కోసమె నే జీవించునది, చూపులు కలసిన శుభవేళ, శ్రీకరులు దేవతలు, ఈ నాలుగింటికీ బాణీలు కట్టింది సాలూరి రాజేశ్వరరావు. ఆయన మధ్యలో తప్పుకున్నాక మిగిలిన బాధ్యతంతా ఘంటసాల తీసుకున్నారు. ఇద్దరి పనీ విడివిడిగా తెలియనంతగా కలిసిపోవడం ఘంటసాల గొప్పతనం. రాజేశ్వరరావు గారి పేరు చెబితే అది తగ్గేది కాదు.

అపోహ: రంగుల ప్రింటే మంచిది.

2010లో రంగులద్ది, సౌండ్ శుభ్రం చేసి, నిడివి కాస్త తగ్గించి మళ్ళీ విడుదల చేశారు. కొత్త తరాన్ని హాలుకు రప్పించినందుకు ఆ పని చేసినవాళ్ళకు దణ్ణం పెట్టాలి. అయినా మీ పిల్లలకు మొదటిసారి చూపిస్తుంటే నలుపు తెలుపే చూపించండి. అప్పట్లో సెట్‌కూ చీరకూ రంగు ఎంచుకునేటప్పుడు తెర మీద అది ఎంత ముదురుగా, ఎంత లేతగా పడుతుందో చూసేవారు. గోఖలే, కళాధర్ వేసిన సెట్లకు లోతు వచ్చింది ఆ లెక్కతోనే. దాని మీద రంగు పూస్తే ముందున్న మనిషీ వెనకున్న స్తంభమూ ఒకే వరసలోకి వచ్చేసినట్టుంటాయి.

అపోహ: ఇందులో ఒక్క లోపం కూడా లేదు.

ఉన్నాయి. అడవిలో అభిమన్యుడికీ ఘటోత్కచుడికీ మధ్య బాణాల యుద్ధం ఉండాల్సినదానికంటే సాగుతుంది. నా చేతికిస్తే ఒక నిమిషం తగ్గిస్తాను. కౌరవుల పక్షాన వచ్చే శర్మ, శాస్త్రుల హాస్యం ఒకటి రెండు చోట్ల చెప్పిందే చెబుతుంది. పెద్ద లోపమేమిటంటే, ఘటోత్కచుడు ద్వారకకు బయల్దేరాక అభిమన్యుడికి చేయడానికి పనేమీ ఉండదు. అక్కినేని అంతటి నటుడు కూర్చుని ఎదురుచూస్తుంటాడు. నాయకుడు తన పెళ్ళి కోసం తాను ఏమీ చేయని కథ ఇది. ఇవన్నీ చెప్పినా సినిమా నా లెక్కలో కిందికి దిగదు.

అపోహ: గొప్పతనమంతా ట్రిక్కుల్లోనే ఉంది.

మనిషి మాయమయ్యే షాట్ ఎలా తీస్తారో చెబుతాను. కెమెరాను కదలకుండా బిగించి, ఆపి, నటుణ్ణి తప్పించి మళ్ళీ తిప్పుతారు. మోటారు వేగం అందుకునేలోపు పడే మొదటి కొన్ని ఫ్రేములకు వెలుగు ఎక్కువ తగిలి తెల్లగా మెరుస్తాయి. ఎడిటర్ వాటిని తీసేసి అతకాలి. సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కటి తప్పినా పక్కనున్నవాడి చెయ్యి ఎగిరిపడినట్టు కనిపిస్తుంది. ఈ పని మాయాబజార్‌లో ఎంత శుభ్రంగా ఉందంటే, ఆపి చూస్తే తప్ప అతుకు దొరకదు. పైగా తమిళంలోనూ తీశారు, అక్కడ అభిమన్యుడు జెమినీ గణేశన్. మాటలున్న సీన్లన్నీ రెండుసార్లు నటించాల్సిందే.

అయినా ఈ సినిమాలో అన్నిటికంటే పెద్ద మాయకు అతుకే లేదు. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ఎత్తాక తెర మీద ఉన్నది సావిత్రి ఒక్కతే. ఎస్వీ రంగారావు ఎక్కడా లేరు. కానీ మనకు ఆయనే కనిపిస్తాడు. అహ నా పెళ్ళియంట పాటలో సుశీల గొంతు నుంచి ఘంటసాల గొంతులోకి మారిన చోట ఆమె భుజాలు చూడండి. నడుము వయ్యారం ఆగిపోతుంది, ఛాతీ ముందుకొస్తుంది, అడుగు బరువుగా పడుతుంది. అంతలోనే మళ్ళీ పెళ్ళికూతురైపోతుంది. పెళ్ళిపీటల దగ్గర పెళ్ళికొడుకు లక్ష్మణకుమారుడి కాలు తొక్కేటప్పుడు ముఖంలో సిగ్గు ఉంటుంది, కాలిలో రాక్షసుడి బలం ఉంటుంది. ఆ పెళ్ళికొడుకు వేషంలో రేలంగి విలవిల్లాడిపోవడం చూస్తే ఆ బరువు మనకూ తెలుస్తుంది.

మా కుర్రాణ్ణి కూర్చోబెట్టి ఆ పాట సౌండ్ తీసేసి చూపించాను. గొంతు ఏ క్షణంలో మారిందో చెప్పమన్నాను. ఒక్క శబ్దం కూడా వినకుండా, ఆమె భుజాలు చూసి మార్క్ పెట్టాడు. సౌండ్ పెట్టి సరిచూస్తే రెండు ఫ్రేములు తేడా వచ్చింది.